కెమెరాకి పలుపుతాడు: 5 మీటర్ల యూఎస్‌బీ కేబుల్ మూడు నెలలు వాడాక

కేబుల్‌కి కూడా రివ్యూ రాస్తారా అని మా తమ్ముడు నవ్వాడు. నవ్వుకోనీ. ఈ ఒక్క వైరు దొరికేలోపు నేను రెండు వైర్లు కొని మూలన పడేశాను, గుడివాడ నుంచి బెజవాడ గవర్నర్‌పేటకి బస్సెక్కాను, ఒక రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని అవసరమే లేని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కోసం వెతికాను. ఆ బాధ ఇంకొకళ్లు పడకూడదని రాస్తున్నా, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మాది చిన్న స్టూడియో. పెళ్లిళ్లు ముహూర్తాలున్నప్పుడే, మిగతా రోజుల్లో కరెంటు బిల్లు కట్టేది పాస్‌పోర్ట్ సైజు ఫొటోలే. జూన్‌లో బడులు, కాలేజీలు తెరిచే రోజుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టూలు ఖాళీ ఉండదు. కెమెరా కెనాన్ 1300డీ, 2016లో వచ్చిన మోడల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను కాబట్టి డబ్బా లేదు, డబ్బాలో ఉండాల్సిన సామానూ లేదు. ఈ కెమెరాతో ఒక చిక్కుంది. పెద్ద మోడళ్లలో మెమరీ కార్డు పక్కనుంచి పెడతాం, దీనికి మాత్రం అడుగున, బ్యాటరీ పక్కనే ఉంటుంది. నా ట్రైపాడ్ ప్లేటు సరిగ్గా ఆ తలుపుకి అడ్డం. అంటే వచ్చిన ప్రతి మనిషికీ ఇదీ వరస: కూర్చోబెట్టు, గడ్డం దించమను, క్లిక్, కెమెరా ట్రైపాడ్ మీంచి దింపు, ప్లేటు విప్పు, తలుపు తియ్యి, కార్డు లాగు, రీడర్లో పెట్టు, ఫొటో కాపీ చెయ్యి, ఈలోపు వాళ్లు "కళ్లు మూశానా బాబూ" అని అడగడం, చూస్తే నిజంగానే మూసి ఉండటం, మళ్లీ మొదటి నుంచి. రోజుకి నలభై సార్లు తెరిచి మూస్తే ఏ తలుపైనా ఎన్నాళ్లుంటుంది, ఒకరోజు దాని గొళ్లెం విరిగింది. ఆ తలుపు సరిగ్గా మూసుకోకపోతే కెమెరా ఆన్ అవ్వదు. రబ్బరు బ్యాండు వేసి కొన్నాళ్లు నడిపాను. అమెరికా వీసా ఫొటోకి వచ్చిన ఒకాయన ఆ రబ్బరు బ్యాండు వైపు చూసిన చూపు తర్వాత ఇక లాభం లేదనుకున్నాను.

కార్డు తీయకుండా ఫొటో కంప్యూటర్లోకి రావాలంటే కేబుల్ ఒక్కటే దారి. వై-ఫై ఉంది కదా అనకండి, దాంతో నేను పడ్డ పాట్లు వేరే కథ.

కెమెరా కేబుల్ కొనేముందు చూసుకోవాల్సింది కెమెరాకి ఉన్న నోరు. 1300డీకి ఎడమ పక్క రబ్బరు మూత కింద ఉన్నది మినీ యూఎస్‌బీ. మొన్నటి ఫోన్లకి వచ్చిన మైక్రో కాదు, ఇప్పటి టైప్ సీ అసలే కాదు, పాత మోటరోలా రేజర్ వీ3 ఫోన్‌కి ఉండేదే. అందుకే సెల్ షాపుల్లో దీన్ని ఇప్పటికీ వీ3 పిన్ అంటారు. కెమెరా కేబుల్ కావాలంటే తెల్లమొహం వేసేవాళ్లు వీ3 అనగానే డ్రాయర్ లాగుతారు. పీఎస్3 గేమ్ రిమోట్‌కి, పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులకి, కొన్ని డ్యాష్‌క్యామ్‌లకి కూడా ఇదే. నికాన్ కూల్‌పిక్స్‌లు ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త, వాటిల్లో చాలావాటికి 8 పిన్నుల వేరే రకం ఉంటుంది, దూరం నుంచి చూస్తే ఇలాగే ఉంటుంది కానీ ఇది దాంట్లో ఎక్కదు. ఎక్కనిదాన్ని తోశారా, పోయేది వైరు కాదు, కెమెరా.

మా వీధి చివర సెల్ షాపులో వీ3 దొరికింది, డెబ్బై రూపాయలు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఆ పిన్ను ఎప్పుడూ చూడలేదట, "అన్నా, ఇది దేనికి వాడతారు" అని నన్నే అడిగాడు. తెచ్చి పెట్టాను. ఏమీ లేదు. విండోస్ కనీసం ఆ టింగ్ మనే శబ్దం కూడా చెయ్యలేదు. కెమెరా పోయిందేమో అని గుండె జారింది. కంప్యూటర్ ఆపి ఆన్ చేశాను, వేరే పోర్టులో పెట్టాను, డ్రైవర్ అని వెతికితే కనిపించిన ప్రతి చెత్తా దించుకున్నాను, మధ్యాహ్నం అన్నం కూడా షాపులోనే తిన్నాను. రాత్రి కోపమొచ్చి ఆ వైరుని బ్లేడుతో నిలువుగా చీల్చాను. యూఎస్‌బీ వైరులో మామూలుగా నాలుగు తీగలుండాలి: ఎరుపు, నలుపు కరెంటుకి, ఆకుపచ్చ, తెలుపు డేటాకి. నా వైరులో ఎర్ర తీగ, నల్ల తీగ, మధ్యలో లావు కనిపించడానికి కుక్కిన దారప్పోగు. అంతే. చార్జింగ్‌కి మాత్రమే చేసిన వైరన్నమాట. ఇంకా నవ్వొచ్చేదేంటంటే 1300డీ ఆ నోట్లోంచి చార్జింగే ఎక్కించుకోదు, బ్యాటరీ బయటికి తీసి చార్జర్లో పెట్టాల్సిందే. చార్జింగ్ తప్ప ఇంకేమీ ఇవ్వలేని వైరుని, చార్జింగ్ పుచ్చుకోని కెమెరాకి తగిలించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా డ్రైవర్ వెతికాను.

మీరు వైరు కోయక్కర్లేదు. అదే పిన్నుండే పాత హార్డ్ డిస్కో, ఇంకేదైనా డేటా ఇచ్చే వస్తువో దానికి తగిలించి కంప్యూటర్లో కనిపిస్తుందేమో చూడండి. ఇంకో గుర్తు ఉంది, వైరు ఒంటి మీద సన్న అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి, సెల్ టార్చ్ వేసి చదవాలి. 28ఏడబ్ల్యూజీ/1పీ + 24ఏడబ్ల్యూజీ/2సీ లాంటిది కనిపిస్తే, 1పీ అంటే డేటా తీగలు ఒక జత మెలేసి ఉన్నాయని, 2సీ అంటే కరెంటు తీగలు రెండని. ఏడబ్ల్యూజీ అంకె తగ్గేకొద్దీ తీగ లావు. అచ్చేసిందంతా నిజమని కాదు కానీ, వట్టి 2సీ అని ఉన్నదాన్ని మాత్రం కెమెరాకి కొనకండి.

రెండో కేబుల్ గవర్నర్‌పేటలో కొన్నాను, మీటరున్నర. దాని మీద నాకేం ఫిర్యాదు లేదు, మంచి వైరు. పెట్టగానే టింగ్ మంది, 'దిస్ పీసీ'లో కెమెరా బొమ్మ వచ్చింది. తప్పంతా నాది, స్టూలుకీ కంప్యూటర్‌కీ మధ్య దూరం కొలవకుండా వెళ్లాను. మధ్యలో గొడుగు లైటు స్టాండు ఉంది, వైరు నేల మీదకి దిగి గోడ వెంబడి తిరిగి బల్ల ఎక్కి రావాలి. మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ కలిపాను. కలిపిన చోట ఎవరి కాలు తగిలినా కనెక్షన్ పోయేది, ఎవరి కాలూ తగలకపోయినా రోజుకి నాలుగైదుసార్లు 'యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్' అని కుడిచేతి మూల పలకరించేది. దానికి తోడు సీపీయూ ముందు వైపు పోర్టులో పెట్టాను. ముందు పోర్టులు లోపల ఇంకో సన్న వైరు మీదుగా బోర్డుకి వెళ్తాయి, అంటే అదీ ఒక అతుకే. అతుకుల బొంతతో కెమెరా నడవదని నాకు తెలిసొచ్చేసరికి మూడు వారాలు పట్టింది.

ఇక అసలు వస్తువు. 5 మీటర్లు, ఒకటే ముక్క, ఒక చివర మామూలు యూఎస్‌బీ, ఇంకో చివర మినీ, రెండు చివర్లా నల్లటి గుండ్రటి దిమ్మెలు. ఆ దిమ్మెలు అందానికి కాదు, లోపల ఫెర్రైట్ ఉంటుంది, లైట్ల దగ్గర్నుంచీ మోటార్ల దగ్గర్నుంచీ వచ్చే కరెంటు గోలని కొంత అడ్డుకుంటుంది. ఆన్‌లైన్లో తెప్పించాను, 640 రూపాయలు. బ్రాండు పేరు రాసినా లాభం లేదు, అదే ఫొటోతో అదే వైరుని నాలుగు పేర్లతో అమ్ముతున్నారు. 5 మీటర్లే ఎందుకంటే యూఎస్‌బీ 2.0 మామూలు వైరుకి అదే హద్దు, అంతకంటే పొడుగు కావాలంటే మధ్యలో చిప్పు ఉండే యాక్టివ్ కేబుల్ కొనాలి. 10 మీటర్ల మామూలు వైరు అని ఎవరైనా చవగ్గా ఇస్తానంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. యూఎస్‌బీ 3.0 కెమెరాలు ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ, మూడు మీటర్లు దాటితే నమ్మకం లేదు.

వెనక వైపు, నేరుగా మదర్‌బోర్డు మీదున్న పోర్టులో పెట్టాను. అయినా మొదటిసారి పలకలేదు. ఈసారి బ్లేడు తీయకుండా కెమెరా మెనూలోకి వెళ్లాను, వై-ఫై ఎనేబుల్‌లో ఉంది. అది ఆన్‌లో ఉంటే కేబుల్ దారి మూసేస్తుంది, రెండూ ఒకేసారి పనిచేయవు. ఇది లోపం కాదు, మాన్యువల్లో రాసే ఉంటుందట, మాన్యువల్ చదివేవాడినైతే ఇన్ని వైర్లు ఎందుకు కొంటాను. డిసేబుల్ చేశాక టింగ్. అలాగే ఆటో పవర్ ఆఫ్. మామూలుగా 30 సెకన్లకే కెమెరా నిద్రపోతుంది, నిద్రపోతే కంప్యూటర్ దాన్ని ఊడిపోయిందనుకుంటుంది. దాన్ని కూడా పూర్తిగా ఆపేయండి, లేకపోతే వచ్చినాయన చొక్కా గుండీ పెట్టుకునేలోపు కనెక్షన్ పోతుంది.

తీసిన ఫొటోని తీసినట్టే కంప్యూటర్లోకి తెచ్చే సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. కెనాన్ వాళ్ల ఈఓఎస్ యుటిలిటీ ఉచితం, కాకపోతే దించుకునేటప్పుడు కెమెరా సీరియల్ నంబర్ అడుగుతుంది, అది కెమెరా అడుగున ఉంటుంది. నాది సెకండ్ హ్యాండ్ కదా, ఆ స్టిక్కర్ మీద సగం అంకెలు అరిగిపోయాయి, ఒకటో ఏడో తెలియక భూతద్దం పెట్టి చూశాను. నికాన్ వాళ్లు 2021లో ఎన్‌ఎక్స్ టెథర్ అని ఒకటి ఉచితంగానే ఇచ్చారు కానీ అన్ని మోడళ్లకీ రాదు. అది కుదరనివాళ్లు డిజీక్యామ్‌కంట్రోల్ చూడొచ్చు, విండోస్‌లో నడుస్తుంది, అదీ ఉచితమే. సోనీ కెమెరాలకైతే మెనూలో యూఎస్‌బీ కనెక్షన్ అని ఉండే చోట మాస్ స్టోరేజా, ఎంటీపీయా, పీసీ రిమోటా అని మనమే చెప్పాలి. కంప్యూటర్ నుంచి క్లిక్ కొట్టాలంటే పీసీ రిమోట్, ఫొటోలు కాపీ చేసుకోవడానికైతే మొదటి రెండింట్లో ఏదైనా.

యుటిలిటీలో ఒక్క సెట్టింగు మాత్రం మర్చిపోకండి, ఫొటో కంప్యూటర్లోకి వెళ్తూనే కార్డులో కూడా పడేలా టిక్కు పెట్టండి. మా దగ్గర కరెంటు చెప్పి పోదు.

ఇక పని ఎలా నడుస్తోందంటే, క్లిక్ కొట్టిన రెండు సెకన్లకి ఫొటో మానిటర్ నిండా వస్తుంది. ఆ రెండు సెకన్లలో నా నెత్తిమీంచి ఎంత బరువు దిగిందో చెప్పలేను. కళ్లు మూశారా, చెవి దగ్గర నీడ పడిందా, కళ్లజోడులో లైటు మెరిసిందా, అంతా మనిషి స్టూలు మీద ఉండగానే తెలిసిపోతుంది. చిన్న తెర మీద ఎంత పెద్దది చేసి చూసినా ఇది తెలియదు, కనురెప్ప సగం వాలిన ఫొటో అందులో బాగానే ఉంటుంది, ప్రింటు కొట్టాక తెలుస్తుంది. మన పాస్‌పోర్ట్ సైజుకి 35 ఇంటూ 45 మిల్లీమీటర్లు, అమెరికా వీసాకి రెండంగుళాల చదరం, దేనికి కావాలో ముందే అడిగి ఫోల్డర్ మార్చి పెట్టుకుంటే ఫొటోషాప్‌లో తర్వాత పని తేలిక.

పోయిన నెల నాలుగు నెలల పాపని తెచ్చారు, వీసాకే. పాపని తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి, నేను బల్ల మీద నిలబడి కెమెరా కిందికి వంచి తియ్యాలి. కళ్లు రెండూ తెరిచి ఉండాలి, నోట్లో పాలపీక ఉండకూడదు, ఎవరి చేయీ ఫొటోలో పడకూడదు. ఇదివరకైతే గుడ్డిగా యాభై కొట్టి, కార్డు తీసి చూసి, మళ్లీ బల్లెక్కేవాణ్ని. ఈసారి మా ఆవిడ మానిటర్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చూస్తూ "నీడ... నీడ... కాలివేళ్లొచ్చాయి... ఇటు చూస్తోంది, ఇది బాగుంది, దిగండి" అంది. పదకొండో ఫొటోకి అయిపోయింది. ఒక్కటే ఇబ్బంది, వేలాడుతున్న కేబుల్ చూసి పాప ఆడుకునే వస్తువనుకుంది, కెమెరా వంక చూడకుండా దాని వంకే చేతులు చాపింది. చివరికి వైరుని నా భుజం మీంచి వెనక్కి వేసుకున్నాను, జంధ్యంలా.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒక మార్కు ఎక్కడ కోశానో చెప్పాలి కదా. వైరు బిరుసు. చుట్టి పంపించిన ఆకారం మూడు నెలలైనా వదల్లేదు, నేల మీద పాములా లేచి నిలబడుతుంది. నల్ల రంగు, మా నేల ముదురు రంగు గచ్చు, ఎవరికీ కనిపించదు. స్టూడియోల కోసమే చేసే ఖరీదైన కేబుళ్లు నారింజ రంగులో ఎందుకుంటాయో అప్పుడు అర్థమైంది. జానెడు జానెడుకి ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాను. అన్నిటికంటే ముఖ్యమైంది మినీ పిన్ను బరువు. ఆ లావు దిమ్మె కెమెరా నోటి నుంచి కిందికి వేలాడితే సాకెట్టు మీద లాగుడు పడుతుంది, సాకెట్టు వదులైతే బోర్డు మార్చాలి, దానికయ్యే ఖర్చుకి ఇంకో పాత కెమెరా వస్తుంది. మినీ యూఎస్‌బీ నోటికి లెక్క ప్రకారం 5,000 సార్లు పెట్టి తీసే ఆయుష్షు. నేను పొద్దున ఒకసారి పెట్టి రాత్రి తీస్తాను కాబట్టి ఆ భయం లేదు, లాగుడు భయమే. దీనికి నా మందు చాలా చవక: వైరుని కెమెరా దగ్గర చిన్న మెలిక వేసి ట్రైపాడ్ పిడికి వెల్క్రో పట్టీతో కట్టేశాను. ఎవరైనా తన్నుకున్నా లాగుడంతా ట్రైపాడ్ మీద పడుతుంది. గేదెని కట్టేటప్పుడు పలుపు రాటకి కడతాం కానీ కొమ్ముకి కట్టం కదా.

బ్యాటరీ సంగతి ముందే చెప్పాను, కేబుల్ నుంచి చార్జింగ్ రాదు. మానిటర్లో లైవ్ వ్యూ, అంటే కెమెరా చూస్తున్నది అప్పటికప్పుడు తెర మీద కనిపించేలా, పెట్టుకుని తీస్తే బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది. నేను కంటితో వ్యూఫైండర్లోనే చూసి చేత్తోనే కొడతాను, ఫొటో మాత్రం కంప్యూటర్లోకి వెళ్తుంది. సీజన్లో డమ్మీ బ్యాటరీ పెట్టి నేరుగా ప్లగ్గులోంచి నడుపుతాను.

పెళ్లి ఫొటోలు దించుకోవడానికి కొనాలనుకుంటున్నారా, వద్దు. నేను చూశాను. 1,500 రా ఫైళ్లు (కెమెరా మార్పులేమీ చేయకుండా దాచే పెద్ద ఫొటో ఫైళ్లు), ఒక్కోటి సుమారు 24 ఎంబీ, మొత్తం 36 జీబీ. కేబుల్ మీద నలభై నిమిషాలు పట్టింది, ఈ కెమెరా నోరు యూఎస్‌బీ 2.0 కాబట్టి ఎంత మంచి వైరు పెట్టినా అంతే. అదే కార్డు తీసి యూఎస్‌బీ 3.0 రీడర్లో పెడితే పది నిమిషాలు. మధ్యలో కెమెరా బ్యాటరీ అయిపోయే భయం కూడా లేదు. ఇంకో మాట, పొరపాటున డిలీట్ అయిన ఫొటోలు వెనక్కి తెచ్చుకోవాలంటే కేబుల్ అసలు పనికిరాదు. కేబుల్ పెట్టినప్పుడు ఈ కెమెరా తనలో ఉన్న ఫొటోలు చూపిస్తుంది కానీ కార్డుని డ్రైవ్‌లా కంప్యూటర్ చేతికివ్వదు, అందుకే రికవరీ సాఫ్ట్‌వేర్‌కి అది కనిపించదు. మా ఫ్రెండ్ ఒకడు పెళ్లికొడుకుని చేసిన ఫొటోలు పోగొట్టుకుని రాత్రంతా కేబుల్ పెట్టుకు కూర్చున్నాడు, పొద్దున్నే రీడర్ పట్టుకెళ్లి ఇచ్చాక చాలావరకు వచ్చాయి.

ఒక నష్టం మాత్రం ఏ అమ్మకం పేజీలోనూ రాయరు, నేను రాస్తాను. ఇదివరకు ఫొటో ఎలా వచ్చిందో జనానికి ప్రింటు చేతికొచ్చాకే తెలిసేది, చూసి, "సర్లే, నా మొహమే అంత" అని డబ్బులిచ్చి వెళ్లేవాళ్లు. ఇప్పుడు 22 అంగుళాల మానిటర్లో వాళ్ల మొహం వాళ్లకి ఎదురుగా కనిపిస్తోంది. "తమ్ముడూ, ఇంకొకటి తియ్యి, బుగ్గ ఉబ్బినట్టుంది." "అంకుల్, జుట్టు సరిచేసుకుంటా, మళ్లీ." బ్యాంకు పనికి వచ్చిన ఒక పెద్దాయన తొమ్మిదిసార్లు తీయించుకున్నారు, తొమ్మిదింట్లోనూ ఒకేలా ఉన్నారు. కార్డు తీసి పెట్టే టైము ఎంత మిగిలిందో అంతా వాళ్ల అద్దానికి పోయింది. ఇలా కాదని ఆ సాయంత్రమే మానిటర్‌ని పూర్తిగా నా వైపు తిప్పుకున్నాను. ఇప్పుడు స్టూలు మీంచి లేచి వచ్చి చూస్తున్నారు, కేబుల్ దాటుకుంటూ.